ఐదో గడి

ఖోఖో వరసలో ఐదో గడిలో సిమెంటు ఇటుక కూర్చుని మూడు నెలలు దాటింది. ఎనిమిది గడుల్లో ఎనిమిది మంది అమ్మాయిలు కూర్చోవాలి, తొమ్మిదో అమ్మాయి అవతలి జట్టు రన్నర్లను తరమాలి. ఏంజెలిన్ టీచరు దగ్గర ఉన్నది మొత్తం ఎనిమిది మందే. అందుకని ఏడుగురు కూర్చునేవారు, ఒకరు తరిమేవారు, మిగిలిన గడిలో ఇటుక, రన్నర్లుగా ఎవరో మగపిల్లలు దిగేవారు. జూన్‌లో బడి తెరిచినప్పుడు, వారం పది రోజుల్లో కొత్త పిల్లలు చేరకపోతారా అనుకుని, ప్రహరీ పక్కనుంచి తనే తెచ్చి అక్కడ పెట్టింది. స్తంభాల దగ్గరి గడుల్లో ఖాళీ ఉంటే ఆట చెడుతుందని నడిమి గడిని ఎంచింది. ఇప్పుడు సెప్టెంబరు రెండో వారం. ఇటుక కింద గడ్డి పాలిపోయింది.

బడి గేటు మీద ఏదో పబ్లిక్ స్కూల్ అని పెద్ద అక్షరాలున్నా ఉదయగిరిలో అందరూ దాన్ని రామనారాయణ బడి అనే అంటారు. ఏడెనిమిదేళ్ళ కిందట ప్రేయరుకి ఐదువందల మంది నిలబడితే వెనక వరస వాళ్ళకి మైకులో మాట సరిగా వినపడేది కాదు. ఇప్పుడు నూట పధ్నాలుగు మంది. మైకు అవసరమే లేదు. దుత్తలూరు వైపు పల్లెల పిల్లల్ని కలిగిరి నుంచి పసుపు బస్సులు వచ్చి ఎక్కించుకుపోతున్నాయి. ఉన్నవాళ్ళు నెల్లూరు హాస్టళ్ళలో చేరుస్తున్నారు. లేనివాళ్ళు గవర్నమెంటు బడికి పోతున్నారు, అక్కడ పుస్తకాలు ఇస్తారు, బూట్లు ఇస్తారు, మధ్యాహ్నం గుడ్డు పెడతారు. అటూ ఇటూ కాని ఈ బడికి అటూ ఇటూ కాని పిల్లలు మిగిలారు.

పిల్లలు తగ్గితే సార్లు తగ్గారు. సార్లు తగ్గితే మిగిలినవాళ్ళ మీద పని పడింది. ఏంజెలిన్ డ్రిల్లు టీచరుగా చేరి పదహారేళ్ళు. ఇప్పుడు ఆరు, ఏడు తరగతులకు సోషల్ చెబుతుంది, గంట కొడుతుంది, చేతిరాత గుండ్రంగా ఉంటుందని టీసీలు కూడా ఆమే రాస్తుంది. ఈ ఏడు ఇప్పటికి ముప్పై ఒక్క టీసీలు రాసింది. బడి ఎట్లా ఖాళీ అవుతోందో ఆమెకు తెలిసినంత బాగా ఆ బడిలో ఇంకెవరికీ తెలియదు.

సోమవారం మధ్యాహ్నం కరస్పాండెంటు రామనారాయణ ఆమెను తన గదికి పిలిపించాడు. ఆయన చెడ్డవాడేం కాదు. సొంత పొలంలో బడి కట్టి, ముప్పై ఏళ్ళు నడిపి, ఇప్పుడు దాన్ని ఎట్లా ఆపాలో తెలియక నడుపుతున్న మనిషి. ముందు టీ తాగమన్నాడు. ఆమె భర్త యేసుబాబు మోటార్ల మరమ్మతు షాపు ఎట్లా సాగుతోందని అడిగాడు. ఆ తరవాత కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ అసలు సంగతికి వచ్చాడు.

“గురువారం ఆత్మకూరులో స్కూళ్ళ పోటీలు ఉండాయంట గదా. ఖోఖోకి తొమ్మిది మంది లేకుంటే గ్రౌండులోకే రానీరంట. మనకెంతమంది ఉండారు?”

“ఎనిమిది మంది సార్.”

“తొమ్మిది మందిని నిలబెట్టలేని బడికి అంత గ్రౌండెందుకమ్మా? ట్రాక్టర్ల షోరూము వాళ్ళు రెండుసార్లు వచ్చిపోయినారు. నిలబెట్టు, ఇంకో ఏడాది ఆ మాట ఎత్తను. గెలవమని కూడా అనడంలా. నిలబెడితే చాలు.”

గ్రౌండు పోతే డ్రిల్లు టీచరు ఉండదని ఆయన విడిగా చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా లేదు. పైగా నిరుడు పది పాసై ఇంటర్‌లో చేరిన అమ్మాయి ఒకతె ఉంది కదా, యూనిఫాం వేసి తీసుకుపోతే ఎవరు పట్టుకుంటారని ఆయనే ఒక ఉపాయం చెప్పాడు. ఆత్మకూరులో ప్రతి పీఈటీకి ప్రతి బడి పిల్లల మొహాలూ తెలుసనీ, ఫోటో అంటించిన కాగితం మీద హెడ్మాస్టరు సంతకం చూస్తారనీ, తనకు అది వద్దనీ ఏంజెలిన్ చెప్పింది. ఆయన కూడా బలవంతం చేయలేదు.

గ్రౌండుకి తిరిగి వచ్చి ఆమె విజిల్ నోట్లో పెట్టుకుంది గానీ ఊదలేదు. చైత్ర తరుముతోంది. తొమ్మిదో తరగతి పిల్ల, కొలిచి గీసినట్టుండే కాళ్ళు. స్తంభం దగ్గర వేగం తగ్గించకుండా ఒక చేత్తో పట్టుకుని ఒళ్ళంతా బయటికి విసిరి తిరుగుతుంది. అది ఏంజెలిన్ నేర్పింది కాదు, ఆ పిల్లకి పుట్టుకతో వచ్చింది. ఆ పిల్లని చూసినప్పుడల్లా జూన్ నెలలో వచ్చిన ఫోను ఏంజెలిన్‌కు గుర్తొస్తుంది, గుర్తొచ్చినప్పుడల్లా చూపు తిప్పుకుంటుంది.

ఫోను చేసినవాడు ఆత్మకూరులో ఒక పెద్ద బడి పీఈటీ, పెంచలప్రసాద్. వ్యాయామ కాలేజీలో ఆమెకు జూనియర్, అక్కా అని పిలుస్తాడు. వాళ్ళ బడిలో ఖోఖోకే నలభై మంది అమ్మాయిలు. నిరుడు చైత్రను చూశాడట. ఫీజు లేకుండా సీటు, హాస్టల్లో చోటు ఇప్పిస్తాననీ, రెండేళ్ళు తన చేతిలో ఉంటే రాష్ట్ర జట్టులో ఆడిస్తాననీ, ఒక్కసారి వాళ్ళమ్మను అడిగి చెప్పమనీ అన్నాడు. ఏంజెలిన్ రెండు రోజులు ఆగి, వాళ్ళమ్మ ఒప్పుకోలేదని చెప్పింది. అడగనే లేదు. అడిగితే ఎనిమిది మంది ఏడుగురవుతారు. ఆనాడు ఆమె లెక్క అంతే. ఆ లెక్క తప్పని ఆమెకు తెలుసు, తెలిసే చేసింది.

మంగళవారం పొద్దున హాజరు పట్టీలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఏడు నుంచి పది దాకా ఉన్న అమ్మాయిలు పంతొమ్మిది మంది. ఎనిమిది మంది జట్టులో ఉన్నారు. ఇద్దరికి ఆయాసం. ఒకమ్మాయికి చెయ్యి విరిగి కట్టు ఉంది. నలుగురి ఇళ్ళలో ఆటలంటే ఒప్పుకోరని మూడేళ్ళుగా తిరిగి తెలుసుకున్నదే. ముగ్గురు పల్లెలకు పోయే చివరి ఆటోలో వెళ్ళాలి, అది నాలుగున్నరకే కదులుతుంది. మిగిలింది ఒక్క పేరు. ఏడో తరగతి గౌసియా, వ్యాను డ్రైవరు దస్తగిరి కూతురు. కాస్త ఒళ్ళున్న పిల్ల, నడక నెమ్మది. రన్నింగ్ రేసులో అందరూ చేరాక చేరి, అయినా నవ్వుకుంటూ వస్తుంది.

దస్తగిరి వ్యాను కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. ఏంజెలిన్ వంగి చెబితే పూర్తిగా విని, చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. “మా పాప పరిగెత్తలేదు మేడం. కూర్చోమంటే కూర్చుంటాది.”

“కూర్చుంటే చాలు దస్తగిరీ” అంది ఏంజెలిన్. ఆ మాట అక్కడే, బడి బ్యాగు తగిలించుకుని వ్యాను మెట్టు మీద నిలబడి ఉన్న గౌసియా కూడా విన్నది.

బుధవారం సాయంత్రం ఇటుకను తీసి గోడకానించారు. గౌసియా ఐదో గడిలో కూర్చుంది. ఎట్లా కూర్చోవాలో, వెనకనుంచి వీపు మీద చెయ్యి పడి ఖో అన్నాకే లేవాలనీ, మొహం ఎటు ఉంటే అటే పోవాలనీ, నడుమ గీత దాటకూడదనీ, తను లేచిన గడిలో ఖో చెప్పిన అమ్మాయి కూర్చుంటుందనీ ఏంజెలిన్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది. తనే వెనకనుంచి వచ్చి పదిసార్లు ఖో చెప్పి లేపింది. పదిసార్లలో ఎనిమిది సార్లు సరిగ్గా లేచింది. పొద్దు గుంకి గీతలు కనపడకుండా పోయేలోగా పెద్దపిల్లలతో కలిపి ఆడించడానికి పావుగంట మిగిలింది, ఆ పావుగంటా ఏంజెలిన్ చూపంతా గౌసియా మోకాళ్ళ మీదే ఉండింది.

చైత్ర తల్లి రాధిక జెర్సీలు పట్టుకుని అప్పుడే వచ్చింది. బస్టాండు దగ్గర మిషను పెట్టుకుని కుట్టే మనిషి. తొమ్మిదో జెర్సీ అప్పటికప్పుడు గౌసియా కొలతకు పక్కలు విప్పి గుడ్డ కలిపి కుట్టింది. వెనక అంకె కత్తిరించి అంటించి చుట్టూ సన్నగా కుట్టువేసింది. కుట్టుకూలి మాటెత్తితే వద్దంది. అన్నీ లెక్కపెట్టి చేతికిచ్చి, పోకుండా నిలబడింది.

“టీచర్, మా పాపకి ఈ ఆటవల్ల ముందుకేమన్నా ఉండాదా? వాళ్ళ నాయన ఎప్పుడూ అదే అడగతా ఉండాడు. ఉంటే ఉండాదని చెప్పండి, నేను చూసుకుంటా.”

ఏంజెలిన్ జెర్సీలను మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. గురువారం పోయొచ్చినాక మాట్లాడుకుందాంలే అంది. రాధిక తలూపి వెళ్ళిపోయింది. 

గురువారం పొద్దున్నే దస్తగిరి వ్యానులో బయలుదేరి తొమ్మిదిన్నరకల్లా ఆత్మకూరు చేరారు. గ్రౌండంతా పిల్లలే. పెంచలప్రసాద్ బడి అమ్మాయిలు నలభై మందీ ఒకే రంగు బట్టల్లో ఒకే చప్పుడుతో వ్యాయామం చేస్తున్నారు. వాళ్ళ జెర్సీల మీద పేర్లు అచ్చు వేసి ఉన్నాయి. మన పిల్లలు తొమ్మిది మందీ ఒకళ్ళనొకళ్ళు ఆనుకుని నిలబడ్డారు. చీటీలు తీస్తే మొదటి ఆటే వాళ్ళతో వచ్చింది.

పెంచలప్రసాద్ వచ్చి పలకరించాడు. చైత్రను చూసి, “వాళ్ళమ్మ ఒప్పుకోలేదంటివే అక్కా, మంచి పిల్ల పాపం” అన్నాడు. ఏంజెలిన్ ఊఁ అని నోటు బుక్కు తెరిచి ఏదో వెతికింది.

అంపైరు కాగితాలు చూసి, తొమ్మిది మందిని లెక్కపెట్టి, కానీమన్నాడు. రామనారాయణ అడిగిన పని ఆ నిమిషంతో అయిపోయింది. తొమ్మిది మంది నిలబడ్డారు. గ్రౌండుకు ఇంకో ఏడాది ఢోకా లేదు. ఏంజెలిన్‌కు గుండెల మీది బరువు దిగినట్టయింది, ఇక ఓడినా పరవాలేదనుకుంది.

తరమడం ముందు మన వంతు. ఏడు నిమిషాలు. చైత్ర మొదలుపెట్టిన పద్ధతి చూసి చుట్టూ నిలబడ్డవాళ్ళు ముందుకు జరిగారు. మొదటి నిమిషంలోనే ఒకరిని ఔట్ చేసింది. రెండో నిమిషంలో ఇంకొకరు. ఆ తరవాత ఎందుకో ఆట నిలిచిపోయింది. మన పిల్లలు బాగానే పరుగెత్తుతున్నారు, ఖోలు ఠంచనుగా పడుతున్నాయి, కానీ వాళ్ళ రన్నర్లు చిక్కడం లేదు. ఏంజెలిన్‌కు మొదట అర్థం కాలేదు. అవతలి గీత దగ్గరనుంచి పెంచలప్రసాద్ చేతులు నోటికి అడ్డం పెట్టి తన రన్నర్లకు అరిచాడు.

“మే, ఐదో గడి కాడ ఉండండి. ఆడ ఎవురూ లేవరు.”

అప్పుడు చూసింది ఏంజెలిన్. మూడు నెలలు ఇటుకను దాటుకుంటూ ఆడిన కాళ్ళు ఐదో గడిని దాటేస్తున్నాయి. నాలుగులో చెబుతున్నారు, ఆరులో చెబుతున్నారు, మూడునుంచి ఏడుకు పోతున్నారు. ఐదో గడిలో మనిషి ఉన్నట్టే ఎవరికీ లెక్కలేదు. చైత్రకు కూడా. వాళ్ళ రన్నర్లు తీరిగ్గా గౌసియా మొహానికెదురుగా వచ్చి నిలబడి, ఊపిరి తీసుకుని, మళ్ళీ కదులుతున్నారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నారు.

గౌసియా మాత్రం చెప్పినట్టే కూర్చుంది. వెనకనుంచి అడుగుల చప్పుడు దగ్గరయినప్పుడల్లా ఆ పిల్ల భుజాలు బిగుసుకునేవి, మడమలు లేచేవి, మెడ కొంచెం వెనక్కి వాలేది. అడుగులు దాటిపోయేవి. మళ్ళీ సర్దుకుని కూర్చునేది. మళ్ళీ అడుగులు. ఏంజెలిన్ విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ చూస్తూ నిలబడింది. ఆట నడుస్తుండగా బయటినుంచి టీచర్లు చెప్పకూడదని రూలు ఉంది, పెంచలప్రసాద్‌ను అప్పటికే అంపైరు ఒకసారి మందలించాడు కూడా. ఏడు నిమిషాలు అయ్యేదాకా ఆ పిల్ల వీపు మీద ఒక్క చెయ్యి కూడా పడలేదు.

మన పిల్లలు నలుగురిని ఔట్ చేశారు. వాళ్ళు తరిమినప్పుడు మనవాళ్ళు ఏడుగురు ఔటయ్యారు. విరామంలో నీళ్ళ డబ్బా చుట్టూ చేరిన పిల్లలతో ఏంజెలిన్ కోపంగానే మొదలుపెట్టింది. ఐదో గడిలో మనిషి ఉంది కదా, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారంది. పిల్లలు బిత్తరపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాటేస్తున్న సంగతి వాళ్ళకే తెలియదు.

“కావాలని కాదు మిస్” అంది చైత్ర. “అలవాటైపోయింది. ఆ గడి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే దాటేస్తా ఉండాయి.” గౌసియా వైపు తిరిగి, “సారీ” అంది. చైత్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గౌసియా ఏడవలేదు. మోకాళ్ళకంటిన మట్టి దులుపుకుంటూ మామూలుగానే చెప్పింది. “నేను రడీగానే ఉండా మిస్. నన్ను ఎప్పుడు పిలస్తారా అని చూస్తా ఉండా.”

ఇటుకను తెచ్చి పెట్టింది ఏంజెలిన్ తనే. కూర్చుంటే చాలన్నది తను. ఇక్కడ నిలబడి తప్పు పిల్లలదని కోప్పడుతున్నదీ తనే. పక్కన తల వంచుకున్న చైత్రను చూసింది. ఈ పిల్ల కూడా సిద్ధంగానే ఉంది, మూడు నెలలుగా. లేపాల్సిన మనిషి తెలిసే దాటిపోయింది.

“ఈసారి మొదటి ఖో గౌసియాకే చెప్పండి” అంది.

రెండో ఇన్నింగ్స్‌లో చైత్ర స్తంభం దాకా పోకుండానే వచ్చి ఐదో గడిలో గట్టిగా ఖో అంది. గౌసియా లేచింది. ఎదురుగా తీరిగ్గా నిలబడి ఉన్న రన్నరు ఉలిక్కిపడి పరుగెత్తింది. గౌసియాకు ఆ అమ్మాయి చిక్కలేదు, చిక్కేంత వేగం ఆమెకు లేదు. కానీ మొహం తిప్పకుండా, గీత దాటకుండా ఎనిమిదో గడిదాకా పోయి ఖో చెప్పింది, అక్కడ లేచిన పిల్ల ఆ రన్నరును స్తంభం దగ్గర పట్టేసింది. వ్యాను పక్కనుంచి దస్తగిరి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. ఆ ఇన్నింగ్స్‌లో మనకు ఆరు, వాళ్ళకూ ఆరు. ఆట మొత్తం మీద మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

పిల్లలు పులిహోర తింటుండగా ఏంజెలిన్ పెంచలప్రసాద్ దగ్గరికి పోయింది. అతను స్కోరు కాగితాలు మడుస్తున్నాడు.

“ప్రసాదూ, ఆ పాప వాళ్ళమ్మని నేను అడగనే లేదు. నీకు అబద్ధం చెప్పినాను.”

అతను కాగితం మడతను గోటితో ఒత్తాడు. తన బడి కూడా నిన్నమొన్నటిదాకా ఇంతే చిన్నదని అతనికి గుర్తొచ్చిందో ఏమో, నిష్ఠూరమాడలేదు. సీటు ఈ నెలాఖరు దాకా పట్టి ఉంచగలననీ, ఇప్పుడైనా అడగమనీ చెప్పాడు.

శుక్రవారం బడికి పోకముందే ఏంజెలిన్ రాధిక ఇంటికి పోయింది. రాధిక మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. కూర్చోమన్నా కూర్చోకుండా, గడపలో నిలబడే ఉన్నదంతా చెప్పింది. ఎందుకు చేసిందో కూడా చెప్పింది. రాధిక కాళ్ళు పెడలు మీద ఆగిపోయాయి. సూది గుడ్డలోనే దిగి ఉంది.

“జూన్‌లోనా టీచర్?”

“జూన్‌లోనే.”

రాధిక గట్టిగా మాట్లాడే మనిషి కాదు, ఇప్పుడూ గొంతు పెంచలేదు. “మీరు అడిగుంటే నేనే వద్దనేదాన్నేమో. ఒక్కగానొక్క పిల్ల, హాస్టలంటే భయమే. కానీ అడగాల గదా టీచర్. వద్దనాల్సింది నేను గదా.”

ఏంజెలిన్ తప్పయిపోయిందమ్మా అంది. రాధిక చక్రం చేత్తో తిప్పి సూది పైకి లేపింది, దారం కొరికింది, జాకెట్టు పక్కన పెట్టింది. లోపలున్న చైత్రను పిలిచి అడిగింది. చైత్ర టీచరు వైపు చూసి, “నేను పోతే మళ్ళీ ఎనిమిది మందే గదా మిస్?” అంది.

“అది చూసుకోవాల్సింది నేను. నీకు పోవాలని ఉండాదా లేదా, అది చెప్పు.”

“ఉండాది” అంది చైత్ర, నేల చూస్తూ.

ముప్పై రెండో టీసీ మధ్యాహ్నం భోజనాల వేళ రాసింది. ఎప్పటికన్నా గుండ్రంగా రాసింది. సంతకానికి తీసుకుపోతే రామనారాయణ కళ్ళజోడు పైకెత్తి, నిన్న తొమ్మిది మందిని నిలబెట్టి ఇవాళ నువ్వే ఒకరిని పంపిస్తున్నావేందమ్మా అని అడిగాడు. ఆ పిల్ల పోవాల్సింది జూన్‌లోననీ, తనే ఆపిందనీ ఆమె చెప్పింది. మాట ప్రకారం ఏడాదిదాకా షోరూము ఊసెత్తనని చెప్పి ఆయన టీసీ మీద సంతకం చేశాడు. వచ్చే ఏడాది సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

సాయంత్రం నాలుగుంపావుకి ఏంజెలిన్ సున్నం డబ్బాతో గీతలు దిద్దుకుంటూ పోయింది. చైత్ర రాత్రి ఉతికి ఆరేసిన జెర్సీని పొద్దుటే మడతపెట్టి ఇచ్చేసింది. పిల్లలు వరసలో కూర్చుంటున్నారు. గౌసియా కూడా వచ్చింది. ఎవరూ రమ్మనలేదు, దస్తగిరి ఇవాళ మొదటి ట్రిప్పులో ఆమెను తీసుకుపోలేదు. తొమ్మిదిలో ఒకరు పోతే ఎనిమిది. ఏడుగురు కూర్చున్నారు. పదో తరగతి పిల్ల ఒకతె అలవాటు కొద్దీ గోడ దగ్గరికి పోయి ఇటుకను రెండు చేతులా ఎత్తుకొస్తోంది.

“అది ఆడే పెట్టెయ్” అంది ఏంజెలిన్.

సున్నం డబ్బా పక్కన పెట్టింది. విజిలు మెడలోనుంచి తీసి స్తంభానికి తగిలించింది. చున్నీ నడుముకు బిగించి కట్టుకుంది. ఒకప్పుడు జిల్లా జట్టులో ఆడిన మనిషే గానీ, ఇప్పుడు నలభై ఐదేళ్ళు, ఎడమ మోకాలు వాన ముసురు పడితే పట్టేస్తుంది. పాలిపోయిన గడ్డి మీద, ఐదో గడిలో, ఒక చెయ్యి నేలకు ఆనించి మెల్లగా కూర్చుంది. మోకాలు టక్కుమంది. ఒక పిల్ల కిసుక్కున నవ్వింది, మిగిలినవాళ్ళు నవ్వు ఆపుకున్నారు.

“గౌసియా, నువ్వు తరుము. కానీయండి.”

ఎదురుగా ఉదయగిరి దుర్గం మీద ఇంకా ఎండ ఉంది. వెనకాల ఏం జరుగుతోందో ఆమెకు కనపడదు. అడుగుల చప్పుడు వినపడుతోంది. బరువుగా, నెమ్మదిగా వచ్చే ఆ అడుగులు ఎవరివో వేరే చెప్పక్కర్లేదు. దగ్గరికి వచ్చాయి. తన భుజాలు బిగుసుకోవడం, మడమలు లేవడం ఏంజెలిన్‌కే తెలిసింది. దాటిపోతుందేమోనని ఒక్క క్షణం నిజంగా భయమేసింది.

వీపు మీద చిన్న చెయ్యి గట్టిగా పడింది.

“ఖో.”

ఏంజెలిన్ లేచి పరుగెత్తింది.